వెబ్‌సైట్ తుది బిల్లుకు ముందు వికలాంగుల చేత పరీక్ష చేయించాలి

సంపాదకులకు నమస్కారం.

దరఖాస్తులు, ధ్రువపత్రాలు, పన్నులు, పరీక్షా ఫలితాలు ఒక్కొక్కటిగా వెబ్‌సైట్లలోకి మారుతున్నాయి. కార్యాలయాల చుట్టూ తిరిగే పని తప్పడం అందరికన్నా ఎక్కువగా వికలాంగులకు ఊరట కావలసింది. మెట్లెక్కలేనివారికి, వరుసలో నిలబడలేనివారికి, కౌంటరులో కూర్చున్నవారి మాట వినబడనివారికి ఇంట్లోంచే పని జరిగిపోవడం చిన్న విషయం కాదు. కానీ ఈ వెబ్‌సైట్లను తయారు చేసేటప్పుడు వారిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల, కార్యాలయం ముందున్న మెట్లే తెర మీదికి వచ్చి కూర్చున్నాయి.

నా స్నేహితురాలు ఒకరు పుట్టుకతో అంధురాలు. ఉద్యోగం చేస్తారు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో కంప్యూటరును నాకన్నా వేగంగా వాడతారు. ఇటీవల ఒక ప్రభుత్వ కార్యాలయపు వెబ్‌సైటులో ఆమె ఒక ధ్రువపత్రానికి దరఖాస్తు చేస్తుండగా పక్కనే కూర్చున్నాను. ఒక గడి నుంచి తర్వాతి గడికి వెళ్లడానికి ట్యాబ్ కీ నొక్కినప్పుడల్లా స్క్రీన్ రీడర్ ‘ఎడిట్, ఖాళీ’ అంటోంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘ఎడిట్, ఖాళీ’. ఏ గడిలో తన పేరు రాయాలో, దేనిలో తండ్రి పేరు రాయాలో నాకు తెర మీద స్పష్టంగా కనబడుతోంది గానీ, ఆ పేర్లను కోడ్‌లో గడులతో ముడిపెట్టలేదు కాబట్టి ఆమెకు వినబడదు. పుట్టిన తేదీ దగ్గర అంకెలు టైపు చేయనివ్వలేదు. మౌస్‌తో మాత్రమే తెరుచుకునే క్యాలెండరులో నెల తర్వాత నెల వెనక్కి వెళ్లాలి. అది నేను చేసిపెట్టాను. చివర, నింపుతున్నది మనిషేనని తేల్చుకోవడానికి చదివి రాయమనే వంకరటింకర అక్షరాల క్యాప్చా. విని రాసే వీలు లేదు. అదీ నేనే చదివాను. సమర్పించే బటన్ నొక్కేసరికి సమయం ముగిసిందంటూ పేజీ మొదటికి పోయి, నింపిన గడులన్నీ ఖాళీ అయ్యాయి. అరగంట శ్రమ.

రెండోసారి కూర్చున్నప్పుడు ఆమె తన పాస్‌వర్డు నాకు చెప్పి, ఓటీపీ వచ్చిన ఫోను కూడా నా చేతికిచ్చి, “నువ్వే కానిచ్చెయ్” అన్నారు. నన్ను ఎక్కువగా బాధించింది ఈ మాటే. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని అదే పేజీ పైన ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. నమ్మదగిన మనిషి పక్కన లేనివారు తమ ఆదాయం, ఆరోగ్యం, బ్యాంకు ఖాతా వివరాలను డబ్బు తీసుకుని దరఖాస్తులు నింపే అపరిచితుడి ముందు పెట్టవలసిందే కదా!

పరిష్కారాలు తెలియక ఈ లోపాలు మిగిలిపోయాయని అనుకోవడానికి లేదు. వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ, వికలాంగులకు అందుబాటుగా వెబ్ పేజీలను ఎలా తయారు చేయాలో చెప్పే మార్గదర్శకాలను 1999లోనే వెలువరించింది. ప్రతి చిత్రానికీ మాటల్లో వివరణ ఉండాలని, ప్రతి గడికీ దాని పేరును జతచేయాలని ఆనాడే చెప్పింది. 2008లో, 2018లో, 2023లో వాటిని పెంచుతూ వచ్చింది. సమయం ముగియబోతుంటే ముందుగా హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగులో వ్యత్యాసం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంకెలతో సహా అందులో ఉంది. ఇంటర్నెట్‌తో సహా సమాచార సాంకేతికతను వికలాంగులకు అందుబాటులో ఉంచడం ప్రభుత్వాల బాధ్యత అని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 9వ అధికరణం చెబుతోంది.

ఖర్చు మాట వచ్చినప్పుడల్లా నాకు సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్ వివాదం గుర్తుకొస్తుంది. ఆ వెబ్‌సైటులో చిత్రాలకు వివరణలు లేవని, ఫలితాల పట్టికలు తనకు అందడం లేదని ఒక అంధుడు 1999లో ఫిర్యాదు చేశారు. మార్పులు చేయాలంటే ఒక మనిషికి ఏడాదికి పైగా పడుతుందని నిర్వాహకులు వాదించారు; చిన్న బృందం ఉంటే నాలుగు వారాలు చాలునని నిపుణులు సాక్ష్యమిచ్చారు. ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్ 2000లో ఫిర్యాదీ పక్షాన తీర్పు చెప్పింది, నిర్వాహకులు చివరికి 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇవ్వవలసి వచ్చింది. పునాది వేసేటప్పుడు వదిలేసిన పనికి కప్పు వేశాక ఎక్కువ ఖర్చవుతుంది. దాన్ని చూపించి పనే వద్దనడం సరికాదు.

తెలుగు పేజీల ఇబ్బంది వేరే ఉంది. ఉత్తర్వును కంప్యూటరులో టైపు చేస్తారు, ప్రింటు తీసి సంతకం పెడతారు, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తారు. అక్షరాలుగా పుట్టినది అక్షరాల ఫొటోగా మారిపోతుంది, స్క్రీన్ రీడరుకు అది ఖాళీ కాగితంతో సమానం. సంతకం కావాలంటే డిజిటల్ సంతకం ఉండనే ఉంది. ఇక పాత ఫాంట్లతో చేసిన పత్రాలైతే కంటికి చక్కని తెలుగే, కానీ లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కాబట్టి చదివించి వింటే అర్థంలేని ముక్కలు వినబడతాయి. ప్రపంచ భాషల అక్షరాలను ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించేలా చేసే యూనికోడ్ ప్రమాణం 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా పాత ఫాంట్లను పట్టుకుని వేలాడడం అలవాటే తప్ప అవసరం కాదు. ఇవి సరిచేస్తే మామూలు పాఠకులకూ ఉత్తర్వులో కావలసిన మాటను వెతుక్కునే వీలు కలుగుతుంది.

చూపు లేనివారి గురించే ఎక్కువగా రాశాను, నేను దగ్గరగా చూసింది అది కాబట్టి. సందేహాలుంటే ఫోన్ చేయండి అని మాత్రమే రాసి ఉంటే వినబడనివారు ఏం చేయాలి? చేతులు వణికేవారికి గోరంత బటన్లు, రంగుల తేడా తెలియనివారికి ‘ఎర్ర గడులను సరిచేయండి’ అనే సూచన కూడా ఇలాంటివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చెప్పుకోదగ్గ వైకల్యం ఉన్నవారు ప్రతి ఆరుగురిలో ఒకరు. ‘మా వెబ్‌సైటుకు అంధులెవరూ రారు’ అనే అధికారులు, వచ్చినవారు మొదటి పేజీ నుంచే ఎందుకు తిరిగి వెళ్లిపోతున్నారో ఆలోచించాలి.

చాలా వెబ్‌సైట్లలో పైమూలన అక్షరాలను పెద్దవీ చిన్నవీ చేసే బటన్లు రెండు మూడు కనబడతాయి. ఆ సౌకర్యం బ్రౌజరులో ఎప్పటి నుంచో ఉంది. అవి పెట్టి బాధ్యత తీరిందనుకోవడం, గుమ్మం లేని గోడకు గొళ్లెం బిగించడం వంటిది. అలాగే తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నివేదిక ఒక్కటే చూసి సర్టిఫికెట్ ఇవ్వడం కూడా చాలదు. చిత్రానికి వివరణ ఉందో లేదో అది చెప్పగలదు. ఆ వివరణ ‘చిత్రం 3’ అని ఉంటే అది ఎవరికీ పనికిరాదని మనిషే చెప్పాలి.

అందువల్ల నా సూచన ఒక్కటే. వెబ్‌సైట్ తయారీకి పిలిచే టెండరులోనే ఈ ప్రమాణాలను షరతుగా పెట్టి, రోజూ స్క్రీన్ రీడరుతోనో, మౌస్ లేకుండా కీబోర్డుతోనో పనిచేసే వికలాంగుల చేత, తగిన పారితోషికం ఇచ్చి, లాగిన్ నుంచి రసీదు వరకు ప్రతి సేవనూ పరీక్ష చేయించి, వారు పూర్తి చేయలేని సేవ ఒక్కటి ఉన్నా తుది బిల్లు ఆపాలి. వంతెనను బరువు మోయించి చూడకుండా గుత్తేదారుకు బిల్లు ఇవ్వం కదా. తర్వాత రోజూ పత్రాలు ఎక్కించే సిబ్బందికి శిక్షణ ఇవ్వకపోతే ఏడాది తిరగకుండానే అంతా మొదటికి వస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. యూరోపియన్ యూనియన్ 2016 నాటి ఆదేశం ప్రకారం ప్రభుత్వ వెబ్‌సైట్లు తమలో ఏది అందుబాటులో లేదో బహిరంగంగా ప్రకటించి, ఫిర్యాదుకు మార్గం చూపించాలి. ఆ పద్ధతిని ఏ ప్రభుత్వమైనా అనుసరించవచ్చు.

ఇదంతా ముందుగా ఆ కార్యాలయానికే తెలియజేద్దామని నా స్నేహితురాలు వారి వెబ్‌సైటులోని ఫిర్యాదుల పేజీ తెరిచి, స్వయంగా టైపు చేశారు. పేజీ చివర అదే క్యాప్చా ఉంది. ఆమె ఈసారి నన్ను చదవమని అడగలేదు, మీకు లేఖ రాయమన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు