జంట పంపులు వేయించుకున్న ట్రక్కుల్లో ప్రెషర్ ఎందుకు పడిపోతోందంటే

మా దగ్గర ట్రక్కుకు జంట ఫ్యూయల్ పంపులు వేయించుకున్న వారందరికీ ఈ కబురు. పెట్రోలు ఇంజెక్షన్ బండ్లలో కంపెనీ ఇచ్చిన ఒక్క పంపు తీసేసి, ట్యాంకులో రెండు పెద్ద పంపులు కూర్చోబెట్టే పని ఇప్పటికి పద్నాలుగు బండ్లకు చేశాం. వాటిలో మూడు వెనక్కి వచ్చాయి. మూడింటిదీ ఒకే ఫిర్యాదు: మామూలుగా బాగానే నడుస్తుంది, లోడు వేసుకుని ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఊపిరి ఆడనట్టు కొట్టుకుంటుంది. మీలో కొందరికి ఫోనులో "పంపులోనే లోపం ఉంది, అమ్మినవాళ్లకు తిప్పి పంపాం" అని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పంపులు బాగానే ఉన్నాయి. లోపం మేము చేసిన పనిలో ఉంది.

మొదటి బండి వచ్చినప్పుడు ఇంధన ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కు ఉన్న వ్యాక్యూమ్ (ఇంజిన్ పీల్పు) గొట్టం ఊడదీసి ఐడ్లింగ్‌లో ప్రెషర్ చూశాం. 3 బార్, అంటే 43.5 పీఎస్ఐ. సరిగ్గా ఉండాల్సినంతే ఉంది. తర్వాత గొట్టం తగిలించి, గేజిని ముందు అద్దానికి బయటి నుంచి టేపుతో అంటించి రోడ్డెక్కాం. పూర్తిగా తొక్కగానే ముల్లు 2.1కు జారింది. కాలు తీస్తే మళ్లీ లేచి కూర్చుంది. ఈ రోడ్డు పరీక్ష బండి అప్పగించే ముందే చేసి ఉండాల్సింది. మేము ఐడ్లింగ్‌లో ముల్లు నిలబడిందని చూసి తాళాలు ఇచ్చేశాం. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగేది చాలా తక్కువ. పంపు తోసిన దాంట్లో అధిక భాగాన్ని రెగ్యులేటర్ వెనక్కి ట్యాంకులోకే వదిలేస్తుంది. సగం బలంతో తిరుగుతున్న పంపు కూడా ఆ పరీక్ష నెగ్గుతుంది.

పంపు ఇంధనాన్ని తోస్తుంది, అంతే. అడ్డుకుని ప్రెషర్ నిలబెట్టేది రెగ్యులేటర్. కాబట్టి ప్రెషర్ పడిందంటే రెగ్యులేటర్ ఎక్కువ వదిలేస్తూ ఉండాలి, లేదా దాని దాకా చాలినంత ఇంధనం రాకుండా ఉండాలి. ఇది నాకు తెలియని సంగతి కాదు. అయినా ముందు ఫిల్టర్ మార్చాను, తర్వాత రెగ్యులేటర్, తర్వాత ఒక పంపు. గేజి మీదే అనుమానం వచ్చి దాన్నీ మార్చాను. మూడు వారాలు గడిచాయి. వస్తువు మార్చిన ప్రతిసారీ ముల్లు అదే 2.1 దగ్గరికి వచ్చి ఆగింది.

ఈ మధ్యలో కరెంటు చూడలేదా అని మీరు అడగవచ్చు. చూశాను, తప్పుగా చూశాను. పంపు కనెక్టర్ విడదీసి, వైరు వైపు మల్టీమీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర ఎంత ఉందో అక్కడా అంతే చూపించింది. వైరింగ్ బాగుందని పక్కన పెట్టేశాను. నీళ్లు కదలని గొట్టంలో మధ్యన ఎంత ఇరుకున్నా చివరిదాకా ఒత్తిడి ఒకటే ఉంటుంది, కొళాయి తిప్పాకే ఆ ఇరుకు బయటపడుతుంది. వైరు కూడా అంతే. పంపు తిరుగుతూ కరెంటు లాగుతుంటేనే కొలవాలి.

చివరకు కనెక్టర్ కలిపే ఉంచి, వెనక నుంచి సన్నని సూదులు గుచ్చి, రెండు పంపులూ తిరుగుతుండగా కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు దగ్గర 11.5. మిగతా 2.4 దారిలోనే పోతోంది: ప్లస్ వైరులో 1.6, ఎర్త్ వైపు, అంటే కరెంటు ఛాసిస్ గుండా తిరిగి వచ్చే దారిలో, 0.8. ఎర్త్ వైపు కొలవడం చాలామంది మరిచిపోతారు, నేనూ వారిలో ఒకడిని. కనెక్టర్ విప్పితే నాలుగు పిన్నుల్లో ఒకదాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, అంచు మెత్తబడి లోపలికి వంగి ఉంది. గోరుతో గీకితే పొడిగా రాలింది.

కారణం చిన్నదే. కంపెనీ వైరు ఒక చిన్న పంపును మోయడానికి వేసింది. మేము తగిలించిన రెండు పెద్ద పంపులు కలిసి 25 ఆంపియర్ల దాకా లాగుతున్నాయి. దారి మొత్తంలో 0.1 ఓమ్ కంటే తక్కువ నిరోధం ఉన్నా, ఆ కరెంటుకు రెండు వోల్టులకు పైగా పోతుంది. వోల్టేజి తగ్గితే పంపు వేగం తగ్గుతుంది, అది తోసే ఇంధనం ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. పంపులు పెంచి వైరు పెంచకపోవడం మా తప్పే. పాత వైరు చాలుతుందని అప్పుడు అనుకున్నది నేనే, మా కుర్రాళ్లు కాదు.

ఇప్పుడు బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగుతున్నాం. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు, ఒక్కో పంపుకు ఒక్కో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెడుతున్నాం. పాత వైరుకు ఇక రిలేను మేల్కొలిపే పని మాత్రమే. ఎర్త్‌కు ఛాసిస్ మీద రంగు గీకేసి, ఇనుము కనిపించాకే బోల్టు బిగిస్తున్నాం. ఆ బండిలో ఇప్పుడు దారిలో పోయేది మొత్తం 0.3 వోల్టులు. అదే ఎత్తు మీద అదే లోడుతో తొక్కితే ముల్లు 3 దగ్గర కదలకుండా నిలబడింది. పంపు వేగాన్ని కంప్యూటర్ మాడ్యూలే తగ్గిస్తూ పెంచుతూ నడిపే బండ్లకు ఇదే పద్ధతి యథాతథంగా పనికిరాదు. అలాంటివి మా దగ్గర రెండు ఉన్నాయి, ఆ యజమానులతో విడిగా మాట్లాడాను.

రెండో బండి మాకు ఇంకా బుద్ధి చెప్పింది. వైరింగ్ అంతా కొత్తగా వేశాక కూడా ప్రెషర్ 2.4 దాటలేదు. అప్పుడు పంపులను ఒక్కొక్కటిగా తిప్పి చూశాం. మొదటిది ఒక్కటే తిరిగినా తక్కువ, రెండోది ఒక్కటే తిరిగినా తక్కువ. ఒకటి బాగుండి ఒకటి తగ్గితే, ఆగి ఉన్న పంపు గుండా ఇంధనం వెనక్కి జారుతోందని, అంటే ఇంధనాన్ని వెనక్కి రానీయకుండా పంపు మూతి దగ్గర ఉండే చెక్ వాల్వు పట్టడం లేదని అనుకోవచ్చు. రెండూ తగ్గితే చెక్ వాల్వులు దాటాక, ఏ పంపు తిరిగినా ప్రెషర్ చేరే దారిలో ఎక్కడో చిల్లు ఉండాలి. బయట ఒక్క చుక్క తడి లేదు, వాసన లేదు. కారేది ట్యాంకులోనే అయితే బయట ఆనవాలు ఎక్కడి నుంచి వస్తుంది?

ట్యాంకు దింపి చూస్తే రెండో పంపు నుంచి పైకి వెళ్లే జానెడు రబ్బరు గొట్టం ఉబ్బి, క్లిప్పు కింద పొడవునా చీలి ఉంది. వేలితో వంచితే చీలిక చేప నోరులా తెరుచుకుంది. ఆ గొట్టం ఇంజెక్షన్ ప్రెషర్‌కు తగినదే, ఇంధన గొట్టాల ప్రమాణమైన ఎస్ఏఈ జె30లో ఆర్9 రకం. కానీ దాని పైపొర ఇంధనంలో మునిగి ఉండటానికి చేసింది కాదు. ట్యాంకు లోపల వాడాల్సింది ఆర్10 రకం. ఇంజిన్ వైపు పనికి తెచ్చిన చుట్టలోంచే ముక్క కోసి లోపల కూడా వేశాం. చుట్ట మీద రాసిన అక్షరాలు చదివి ఉంటే సరిపోయేది. మూడో బండిలో వైరు సమస్య ఒక్కటే, దాని గురించి వేరే చెప్పడానికి ఏమీ లేదు.

ఆ చుట్ట నుంచి గొట్టం వేసిన బండ్లు ఆరు అని మా పుస్తకంలో ఉంది. ఆ ఆరుగురికీ ఇప్పటికే ఫోను చేశాను. మిగతావారిలో లోడు మీద బండి వెనకాడుతున్నా, పి0171 లేదా పి0174 కోడుతో ఇంజిన్ దీపం వెలిగినా ఆలస్యం చేయకండి. ఆ కోడ్లు మిశ్రమంలో ఇంధనం తక్కువైందని చెబుతాయి. పూర్తి లోడులో ఇంధనం తగ్గితే సిలిండర్లో వేడి పెరిగి, ఇంజిన్ టకటకమని కొట్టుకుని, పిస్టన్ కరిగే దాకా పోవచ్చు. బండి చూపించే వరకు బరువు లాగకండి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి.

ఒకరు ఇంట్లోనే రెగ్యులేటర్ మర బిగించి ప్రెషర్ పెంచుకున్నారు. దయచేసి అలా చేయవద్దు. ప్రెషర్ పెంచితే అదే పంపు తోసే ఇంధనం తగ్గుతుంది, కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఐడ్లింగ్‌లో అంకె బాగా కనిపిస్తుంది, అసలు అవసరమైనప్పుడు ఇంకా ముందే పడిపోతుంది.

ఈ పనికి పద్నాలుగు మందిలో ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం. ఫిల్టర్, రెగ్యులేటర్ అనవసరంగా మార్పించుకున్నవారికి ఆ మొత్తం తిరిగి ఇస్తున్నాం. రోజుకు ఒక్క బండే చేయగలం. వైరింగ్‌కు ఒక పూట, ట్యాంకు దింపాల్సి వస్తే రోజంతా పడుతుంది. అప్పగించే ముందు లోడుతో రోడ్డు మీద తీసిన గేజి ఫోటో, పంపు దగ్గర వోల్టేజి అంకె రాసిన చీటీ మీ చేతికి ఇస్తాం. బండి తెచ్చేటప్పుడు ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు లేకుండా చూసుకోండి. నిండు ట్యాంకు దింపడం ప్రమాదం. అలాంటి బండిని ఖాళీ అయ్యేదాకా పక్కన పెట్టాల్సి వస్తుంది, మీ వంతు మర్నాటికి పోతుంది.