నూరు దేనారాలు చిల్లర బాకీ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రమదినాలు, అంటే ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసముండే నలభై రోజులు, మొదలవగానే మీ ఆధ్యాత్మిక పేజీలో ఉపవాసం మీద వ్యాసాలు వస్తాయి. మాంసం మానాలా, ఒంటిపూట ఉండాలా, ఆదివారాలు లెక్కలోకి వస్తాయా అని. (రావు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40.) క్షమాపణ సంగతి మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో సరి. ఉద్యోగమంతా అప్పుల పద్దులు రాసినవాణ్ణి కనుక ఆ వాక్యం గురించి రాయాలనిపించింది.

బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథ తెలిసిందే. రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడు, అదంతా మాఫీ అయ్యాక బయటికొచ్చి, తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సిన తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. ప్రసంగాల్లో ఆ నూరు దేనారాల్ని చిల్లర అనేస్తుంటారు. నాకు పేచీ అక్కడే. దేనారం అంటే అప్పట్లో ఒక రోజు కూలి. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైబడిన రెక్కల కష్టం. తలాంతు సుమారు ఆరువేల దేనారాలు కాబట్టి రాజు వదులుకున్నది దాదాపు ఆరు కోట్ల రోజుల కూలి. దాని పక్కన పెట్టినప్పుడే ఇది చిన్నది. చిల్లర అనేవాళ్లకు ఎవరూ మూడు నెలల జీతం ఎగ్గొట్టి ఉండరు.

నాకు ఎగ్గొట్టారు. ఒక స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టాను. అతను కట్టడం మానేస్తే కిస్తీలన్నీ నా జీతంలోంచి పోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు చర్చిలో అతనో మూల, నేనో మూల. ప్రభువు ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే చోట నేను నోరు మెదిపేవాణ్ణి కాదు, దేవుడి ముందు అబద్ధం ఎందుకని. ఒక ఏడు శ్రమదినాల్లో అతనే ఇంటికొచ్చాడు. "నీ డబ్బు తిన్నాను" అన్నాడు, సాకులేమీ చెప్పలేదు. ఆ బాకీ కొట్టేశాను. మా ఆవిడ గొణిగింది, ఆమె గొణగడంలోనూ న్యాయముంది. మళ్లీ హామీ అడిగితే మాత్రం పెట్టనని అతని మొహం మీదే చెప్పాను. క్షమించడం వేరు, పూచీ పడటం వేరు.

ఈ శ్రమదినాల్లో పెద్దమనుషులు దెబ్బ తిన్నవాళ్ల దగ్గరికే వెళ్తారు. "శ్రమదినాలు కదమ్మా, క్షమించెయ్" అంటారు, కొట్టే మొగుడి సంగతైనా సరే. బలిపీఠం ముందు అర్పణ వదిలి వెళ్లి, ముందు సమాధానపడమని మత్తయి 5లో చెప్పింది ఎవరికి? ఎవరి మీద సహోదరుడికి విరోధం ఉందో ఆ మనిషికి. ముందు కదలాల్సింది అతను. 1999లో ఒడిశాలో తన భర్తనూ (మిషనరీ గ్రాహం స్టెయిన్స్) ఇద్దరు కొడుకులనూ సజీవ దహనం చేసినవాళ్లను గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించారు. అంతమాత్రాన కేసు ఆగలేదు, 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. దానివల్ల ఆమె క్షమాపణ విలువేమీ తగ్గలేదు.

క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన క్రైస్తవ బిషప్పుల మహాసభ ఒక నియమం పెట్టింది. బిషప్పులు ఏటా రెండుసార్లు సమావేశమై, తమలో ఎవరైనా పంతానికి పోయి ఎవరినైనా వెలివేశారేమో విచారించాలి. అందులో ఒక సమావేశం ఈ నలభై రోజులకు ముందే జరగాలి, మనసుల్లో చేదు పోయాకే అర్పణ దేవుడి దగ్గరికి వెళ్లాలి కాబట్టి. పదిహేడు వందల ఏళ్ల కిందటే పెద్దల పంతాల మీద అనుమానం ఉందన్నమాట!

మా సంఘంలో ఎన్నికల గొడవప్పుడు సభ్యత్వం తీసేసిన రెండు కుటుంబాల దరఖాస్తు ఇంకా కమిటీ ఫైల్లోనే ఉంది. గుడ్ ఫ్రైడే లోపు ఆ ఫైలు తెరుస్తారా అని అడుగుతూ ఈ ఉత్తరం నకలు మా కార్యదర్శి గారికీ పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అకౌంటెంట్