మంత్రి గారూ, టాలెంట్ టెస్టులు వద్దు, వారానికి రెండు గంటలు ఇవ్వండి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. జీతాలు, బదిలీల గురించి మాట్లాడటానికి సంఘాలున్నాయి, ఆ విషయం వాళ్లకే వదిలేస్తున్నాను. మా తరగతి గదుల్లో మా కళ్ల ముందే ఉండి, తమలోని ప్రతిభ మాకు కనబడని పిల్లల గురించి మీతో కాసేపు మాట్లాడాలని ఈ ఉత్తరం. ఆ ప్రతిభని టాలెంట్ టెస్టులతో వెతకొద్దు, వేర్వేరు తరగతుల పిల్లలు కలిసి ప్రాజెక్టులు చేయడానికి వారానికి రెండు గంటలు ఇవ్వండి అన్నదే నా మనవి.

ఆ మధ్య మా బడి ఆవరణలో ఉన్న చెట్లన్నిటికీ కలిపి ఒక పటం గీయాలనుకున్నాం. ఏ చెట్టు ఎక్కడుంది, ఎంత లావుంది, దాని మీద ఏ పురుగులు, ఏ పిట్టలు ఉంటాయి, ఇవన్నీ అందులో ఉండాలి. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల్ని కలిపి ఆరేడుగురు చొప్పున జట్లు చేశాం. ఒక జట్టులో ఐదో తరగతి అమ్మాయి ఉంది. చదవడంలో బాగా వెనకబడి ఉందని రికార్డులో రాసింది నేనే. అదే జట్టులో ఒకటో తరగతి పిల్లవాడు టేపు పట్టుకుని, ఆ అంకెలు అర్థం కాక ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఒక తాడు తెచ్చి, జానెడుకో ముడి వేసి, వాడి చేతికిచ్చి "నువ్వు ముడులు లెక్కపెట్టు చాలు" అంది. ఎవరూ చెప్పలేదు ఆమెకి. సెంటీమీటరు అనే మాట తెలియని పిల్లవాడికి కొలవడం అంటే ఏమిటో ఆ తాడుతో అర్థమైపోయింది, మిగతా చెట్లన్నీ వాడే కొలిచాడు. ఎదుటివాడు ఎక్కడ ఆగిపోయాడో చూసి దాన్ని వాడికి అందేలా విప్పి చెప్పగలగడం చిన్న విషయం కాదండీ, మాలో చాలామందికి ఏళ్లు పడుతుంది. ఆ అమ్మాయి తన తరగతిలోనే కూర్చున్నంత కాలం అది బయటపడే వీలే లేదు. అక్కడ అందరికంటే వెనక ఉన్నది ఆమే కాబట్టి ఆమె సాయం ఎవరికీ అవసరం పడలేదు.

ఒకే వయసు పిల్లలని మనం అంటాం గానీ, ఆరేళ్ల పిల్లల తరగతిలో అందరికంటే పెద్దకీ అందరికంటే చిన్నకీ మధ్య దాదాపు ఏడాది తేడా ఉంటుంది, అంటే ఆ చిన్న ప్రాణం ఇప్పటిదాకా బతికిన కాలంలో ఆరో వంతు. కెనడాలో రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు చూస్తే, జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్లు ఏడాది చివర్లో పుట్టినవాళ్ల కంటే చాలా ఎక్కువగా ఉన్నారు. అక్కడ పిల్లల్ని వయసు ప్రకారం జట్లుగా విడగొట్టే ఏడాది జనవరి 1తో మొదలవుతుంది. కాస్త ముందు పుట్టి, కాస్త ఎదిగి ఉన్నవాడు బాగా ఆడుతున్నట్టు కనిపిస్తాడు, వాడికే మంచి కోచ్ దొరుకుతాడు, ఆ తర్వాత నిజంగానే బాగా ఆడతాడు. ఏడెనిమిదేళ్లకే టాలెంట్ టెస్ట్ పెట్టి పిల్లల్ని ఏరుకుంటే మనం చేసేదీ ఇదే అవుతుందని నా భయం. వయసుల కలగలుపు ఉన్న జట్టులో అయితే, ఒక్కొక్కళ్లు ఒక్కో ఎత్తులో ఉంటారని ముందే ఒప్పుకుని మొదలుపెడతాం, అప్పుడు పిల్లల్ని ఒకే గీత మీద నిలబెట్టి పోల్చాలన్న టెన్షన్ మాకూ ఉండదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన బడిలో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉండేవారు. పెద్దవాళ్ల సాయంతోనో, తనకంటే బాగా వచ్చిన తోటి పిల్లల సాయంతోనో ఈరోజు చేయగలిగినది పిల్లవాడు రేపు సొంతంగా చేస్తాడని రష్యా మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ చెప్పాడు, ఆయన 1934లోనే పోయాడు. అమెరికాలో జోసెఫ్ రెంజుల్లి అనే విద్యావేత్త పద్ధతిలో వయసుతో పని లేకుండా ఒకే ఆసక్తి ఉన్న పిల్లల్ని ఒక చోట చేర్చి, నిజంగా ఎవరికో ఉపయోగపడే వస్తువో పనో చేయమంటారు. ఆ 'ఎవరికో' అన్నది చాలా ముఖ్యం అనిపిస్తుంది నాకు. టీచర్ మార్కులు వేసి బీరువాలో పెట్టే చార్టుకీ, బడికి వచ్చిన ప్రతివాళ్లూ నిలబడి చూసే పటానికీ పిల్లలు పెట్టే మనసు ఒకటి కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ బృందం పియానో, ఈత, గణిత పరిశోధన లాంటి రంగాల్లో చాలా పైకి వచ్చిన 120 మంది జీవితాల్ని చూసి 1985లో వివరాలు ప్రచురించింది. వాళ్లలో చాలామందికి మొదట నేర్పిన గురువులు గొప్ప నిపుణులు కారు. ప్రేమగా, ఓపికగా ఉండి, ఆ పని మీద ఇష్టం కలిగించినవాళ్లు. ఆ మొదటి గురువు స్థానంలో ఉన్నది ప్రాథమిక టీచరే కదండీ.

మరి మాకేం కావాలి? ట్రైనింగ్ అంటారు. రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తారు, ఫైలు ఇస్తారు, సంతకం పెట్టి వస్తాం, సోమవారం పొద్దున మళ్లీ పాత పాఠమే. ఇందులో టీచర్ల బద్ధకం లేదు. వినడం ఒక్కదాని వల్లే కొత్త పద్ధతి తరగతిలోకి రాదని, పక్కన ఉండి చూసి మాట్లాడే తోడు ఉంటేనే నిలబడుతుందని టీచర్ల శిక్షణ మీద పరిశోధన చేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే చెప్పారు. నా అనుభవమూ అదే. మొదటి ప్రాజెక్టులో పెద్ద పిల్లల్ని లీడర్లుగా పెట్టాను. వాళ్లు పని మొత్తం లాక్కుని చిన్నవాళ్లకి రంగులు వేయడం మాత్రం వదిలారు, గట్టిగా అరిచేవాళ్ల మాటే చెల్లింది. ఇంకో టీచర్ వచ్చి ఓ మూల కూర్చుని చూసి, "చిన్నవాళ్లు చేయకపోతే ఆగిపోయే పని ఒకటైనా ఉందా ఇందులో?" అని అడిగారు. లేదు. ఆ ఒక్క ప్రశ్నతో నేను ప్రాజెక్టు మొత్తం మార్చుకున్నాను, చెట్ల కొలతలు చిన్నవాళ్లకి వెళ్లింది అలాగే. ఎప్పుడు నోరు మూసుకుని ఊరుకోవాలి, ఎప్పుడు ఇంకాస్త కష్టమైన పని ఇవ్వాలి, "బాగుంది" అనకుండా ఇంకేం అడగాలి, రోజంతా ఒక్క మాటా మాట్లాడని పిల్లవాడు దేన్ని చూస్తున్నాడో ఎలా గమనించాలి, ఇవి ఏ ఫైల్లోనూ దొరకవు.

కాబట్టి నేను అడిగేది, టైమ్ టేబుల్‌లో ఈ ప్రాజెక్టుల కోసం వారానికి రెండు గంటలు అన్ని తరగతులకూ ఒకే సమయంలో ఉండాలి, దానికి సరిపడా సిలబస్ తగ్గించాలి, లేకపోతే ఆ రెండు గంటల్లోనూ మేం మిగిలిపోయిన పాఠాలే చెబుతాం. అనుభవమున్న టీచర్లకి వారంలో ఒక రోజు పాఠాల నుంచి విడుపు ఇచ్చి, దగ్గరి బడులకి వెళ్లి మా పక్కన కూర్చునే పని అప్పగించండి. వాళ్లు ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాయకూడదు. అది రాస్తారని తెలిస్తే మేం ఎవ్వరం తప్పులు వాళ్ల ముందు చేయం, తప్పులు చూడకపోతే వాళ్లు చెప్పేదేమీ ఉండదు. ప్రాజెక్టులకి మార్కులు, గ్రేడ్లు పెట్టొద్దు, కొత్త రిజిస్టర్ అసలే వద్దు. ప్రతి పిల్లకీ ఓ నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు మేమే రాసుకుంటాం, ఆ నోట్‌బుక్ వచ్చే ఏడాది టీచర్ చేతికి వెళ్తే చాలు.

దీన్ని దయచేసి టీచర్ల కొరత తీర్చే దారిగా మాత్రం చూడకండి. సుమారు రెండు వందల ఏళ్ల కిందట ఆండ్రూ బెల్, జోసెఫ్ లాంకాస్టర్ అనే బ్రిటిష్ విద్యావేత్తల పద్ధతుల్లో పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకి పాఠాలు చెప్పించి ఒక్క టీచర్‌తో వందల మందిని నడిపించారు, అది అంతటా వ్యాపించడానికి ముఖ్య కారణం చవకగా అయిపోవడమే. ఐదో తరగతి పిల్ల జీతం లేని టీచర్ కాదు. నేర్చుకోవడానికే ఆమె కూడా బడికి వస్తోంది.

అన్ని బడుల్లోనూ ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. ఇష్టమున్న బడులతో ఒక ఏడాది చేసి చూడండి, మా బడి సిద్ధంగా ఉంది. వచ్చే ఏడాది టైమ్ టేబుల్ ఖరారు కాకముందే మీ మాట తెలిస్తే మొదటి వారం నుంచే పని మొదలవుతుంది. వాన పడితే ఆవరణలో నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయో ఈసారి పటం గీద్దామని పిల్లలు ఇప్పటికే అడుగుతున్నారు, జానెడుకో ముడి వేసిన ఆ తాడు ఇంకా మా స్టాఫ్ రూమ్‌లో మేకుకి వేలాడుతోంది.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు