వార్షిక నివేదిక 2025–26: వేసిన తాళాలు, వాటి చెవులు

సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించిన ప్రకారం ఈ ఏడాదంతా ఆదివారం పూట ఫోను, కంప్యూటరు భద్రత శిబిరాలు నడిపాం. మొదట్లో అనుకున్నది ఒకటే పని: ఫోన్లకూ ఖాతాలకూ గట్టి తాళాలు వేయించడం. సంక్రాంతి నాటికి మరో పని వచ్చి పడింది. తాము వేసుకున్న తాళం తామే తీసుకోలేనివాళ్లు రావడం మొదలుపెట్టారు. అందుకే ఏ తాళం ఎలా వేయాలో రాసిన ప్రతిచోటా, దాని చెవి ఎవరి దగ్గరుండాలో కూడా రాస్తున్నాం.

ఎక్కువ సమయం పట్టింది ఆధార్ బయోమెట్రిక్ తాళానికే. దస్తావేజుల మీది వేలిముద్రను ఎత్తి, అచ్చు తీసి, ఆధార్ చెల్లింపు మిషను మీద పెట్టి డబ్బు లాగేసే మోసం మనవైపు అందరూ విన్నదే. వేలిముద్రతో డబ్బు తీసేచోట పిన్ అడగదు, ఓటీపీ రాదు. విరుగుడు తేలికే: మైఆధార్ సైటులో ఓటీపీతో లాగిన్ అయి, 'లాక్ అన్‌లాక్ బయోమెట్రిక్స్' నొక్కి తాళం వేయాలి. పక్కనే కనిపించే 'ఆధార్ లాక్' వేరు. అది వేస్తే 12 అంకెల నంబరే చెల్లదు, 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వాలి. పెద్దవాళ్లకు అది వద్దు.

చిక్కంతా ఒకటో తారీఖున. బయోమెట్రిక్ తాళం పడితే వేలిముద్రతో పాటు కనుపాప, ముఖం కూడా పనిచేయవు. పింఛను ఇవ్వడానికి ఇంటికొచ్చినవాళ్ల మిషనులో 330 అనే ఎర్రర్ వస్తే వేలు అరిగిపోయిందని కాదు, తాళం పడి ఉందని అర్థం. చేతులు కడిగి పదిసార్లు నొక్కించినా లాభం లేదు. తాళం తీయాలంటే ఓటీపీ కావాలి. ఆధార్‌కు లింకైన నంబరేమో హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉన్న అబ్బాయిది! కాబట్టి వరుస మార్చాం. ముందు ఆధార్ కేంద్రంలో నంబరు ఆ పెద్దాయన లేదా ఆ పెద్దావిడ సొంత ఫోనుకు మార్పించాలి, ఆ తర్వాతే తాళం. పింఛను రోజున, రేషన్ రోజున తాత్కాలికంగా తెరిస్తే చాలు. కాసేపటికి దానంతటదే మళ్లీ పడుతుంది.

జిరాక్సు కోసం ఆధార్ ఇచ్చేచోట మాస్క్‌డ్ ఆధార్ వాడండి. మొదటి 8 అంకెలు కనిపించవు. డౌన్‌లోడ్ అయ్యే ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో), వెంటనే పుట్టిన సంవత్సరం. నెట్ సెంటరులో ప్రింటు తీశాక డౌన్‌లోడ్స్ ఫోల్డరులోనూ రీసైకిల్ బిన్‌లోనూ ఫైలు తీసేయించి కదలండి. ఫైలు వాళ్లకు వాట్సాప్‌లో పంపి ఉంటే, తర్వాత 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టినా వాళ్ల కంప్యూటరులోకి దిగిన కాపీ పోదు.

వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టించేటప్పుడు ఆరంకెల పిన్‌తో ఆగకుండా ఈమెయిలు కూడా ఇప్పించాం. మెయిలు ఇవ్వకుండా పిన్ మరిచిపోతే ఏడు రోజులు ఆగాల్సిందే. గూగుల్ ఖాతాకు, ఫోను దగ్గర లేనప్పుడు లాగిన్ కావడానికి పది బ్యాకప్ కోడ్లు వస్తాయి, ఒక్కొక్కటి 8 అంకెలు, ఒక్కొక్కటి ఒకసారికే. వాటిని ఫోనులో ఫొటో తీసుకుంటే ఫోను పోయినరోజు కోడ్లూ దాంతోనే పోతాయి. కాగితం మీద రాసి, లంక గ్రామాలవాళ్లు వరదొస్తే అటకెక్కించే పట్టాదారు పాసుపుస్తకాల ప్లాస్టిక్ కవరులోనే పెట్టుకోమన్నాం. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని చెప్పేవాళ్లున్నారు. మనవరాలి పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి పెట్టుకునేదాని కంటే, బీరువాలో కాగితం మీదున్న పొడుగాటి పాస్‌వర్డే నయమని మా అభిప్రాయం.

ఇక ఏపీకే ఫైళ్లు, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్లు. శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో, చలానా అనో పేరు పెట్టి వాట్సాప్‌లో పంపుతారు. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ ఇన్‌స్టాల్ చేయమని అడగదు. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' తెరిచి వాట్సాప్ ఎదురుగా ఆఫ్ చేస్తే సగం పీడ విరగడవుతుంది. అప్పటికే నొక్కేసి ఉంటే ఆ యాప్ మెసేజ్‌లు చదివి ఓటీపీలు అవతలికి పంపుతుంటుంది. వెంటనే ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. యాప్ తీయబోతే 'అన్‌ఇన్‌స్టాల్' బూడిదరంగులో ఉండి నొక్కుడు పడకపోతే, సెక్యూరిటీలో 'డివైజ్ అడ్మిన్ యాప్స్' జాబితాలో దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించాలి. ఫిర్యాదుకు స్క్రీన్‌షాట్లు తీసుకోకముందే ఫోను రీసెట్ కొట్టేయవద్దు.

కంప్యూటర్ల విషయానికొస్తే, విండోస్ 10కు మద్దతు (మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రత చిప్ లేని పాత మిషన్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. 4 జీబీ ర్యామ్ ఉన్నవాటికి హార్డ్‌డిస్క్ తీసి 256 జీబీ ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ పెట్టాం. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి రూఫస్ అనే ప్రోగ్రాముతో మింట్ ఎక్కించి, కంప్యూటరు ఆన్ చేస్తూనే ఎఫ్12 (కొన్నింటికి ఎఫ్9) నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయో చూడాలి. డీటీపీ (కంప్యూటరు మీద అచ్చుకు కంపోజింగ్) చేసేవాళ్లకు మాత్రం ఇది కుదరదు, అను ఫాంట్లూ పేజ్‌మేకరూ విండోస్ మీదే. వాళ్లు పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదైతే 2026 అక్టోబరు 13 దాకా గడుస్తుంది. ఆ తర్వాత ఆ మిషనుకు నెట్ తీసేసి కంపోజింగ్‌కే ఉంచుకోవడం మంచిది.

కొత్త ల్యాప్‌టాప్‌లతో ఇంకో తంటా. కొన్న దుకాణంలోనే ఎవరి మెయిలుతోనో లాగిన్ చేసి ఇస్తారు. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకు పడే తాళం) దానంతటదే ఆన్ అయి, 48 అంకెల రికవరీ కీ ఆ మెయిలు ఖాతాలోకే పోతుంది. బయోస్ (కంప్యూటరును మొదట లేపే ప్రోగ్రాము) అప్‌డేట్ అయినప్పుడో బోర్డు మార్చినప్పుడో నీలం తెర ఆ 48 అంకెలూ అడుగుతుంది. అవి లేకపోతే ఫొటోలు, లెక్కలు పోయినట్టే. కొన్న వారంలోపే సొంత ఖాతాలోకి మారి, ఆ కీ ప్రింటు తీసి పైన చెప్పిన కవరులో వేయండి.

వానాకాలమంతా మూతపడ్డ కంప్యూటరు తెరిచాక ఏ సైటుకెళ్లినా 'కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటుంటే ముందు తేదీ చూడండి. బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీ చచ్చి గడియారం ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్లు ఆ తేదీకి చెల్లవు. 'అడ్వాన్స్‌డ్' నొక్కి ముందుకు పోయే అలవాటు చేసుకోవద్దు, రేపు దొంగసైటు ముందూ వేలు అలాగే పోతుంది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచి, క్లిప్పు కదిపి పాతది తీసి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది పెట్టి, బయోస్‌లో తేదీ సరిచేయాలి. ల్యాప్‌టాప్‌లో అయితే దానికి వైరు ఉంటుంది, మెకానిక్‌కు ఇవ్వడమే మేలు.

అక్టోబరులో మొంథా తుపాను ముందు చేసినట్టే, హెచ్చరిక రాగానే కరెంటు ప్లగ్గుతో పాటు రూటరు నుంచి కంప్యూటరుకొచ్చే వైరు కూడా పీకేయండి. పిడుగు ఆ దారినా వస్తుంది.

ఆదాయవ్యయాల పట్టిక సమావేశంలో విడిగా ఇస్తాం. శిబిరాలు ఆదివారాల్లోనే కొనసాగుతాయి. వచ్చేటప్పుడు చార్జరు, ఆధార్‌కు లింకైన సిమ్ వెంట తెచ్చుకోండి. పాస్‌వర్డ్ మాకు చెప్పవద్దు, మీరే టైపు చేయండి. మావాళ్లు అప్పుడు మొహం పక్కకు తిప్పుకోకపోతే గుర్తుచేయండి.