చెరువు గట్టు మీద ఫోన్ వెలుగు

సంపాదకులకు నమస్కారం.

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఫోన్‌లో చెరువుల పర్యవేక్షణ యాప్‌లో చూసుకుని రైతు ఆ వెంటనే గట్టు మీద నడవాలి. తెల్లటి తెర చూసిన కంటికి కాళ్ల దగ్గరున్న కరెంటు వైరు కూడా ఆనదు. కన్ను మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే ఈ యాప్‌లు చేసేవాళ్లకు, చేయించుకునే కంపెనీలకు, రాత్రిపూట తెర వెలుగు తగ్గించే తీరు మీద నాలుగు మాటలు.

తెర వెలుగు 100 శాతం నుంచి 90కి దింపితే కంటికి తెలియనే తెలియదు. అదే 12 నుంచి 2కి దింపితే తెర ఆరిపోయినట్టే ఉంటుంది. కాబట్టి మెట్లు సగం సగం చేసుకుంటూ పోవాలి: 100, 50, 25, 12, 6, 3. ఈ ఆరూ చాలు.

నీళ్ల చేతికి, మేత అంటిన వేలికి టచ్ సరిగా పలకదు. అక్కడ సన్నటి స్లైడర్ దండగ. వాల్యూమ్ తగ్గించే బటన్ ఒక సెకను నొక్కిపడితే ఒక మెట్టు దిగాలి. పెంచే బటన్ మూడు సెకన్లు నొక్కిపడితే తెర చూడకుండానే పూర్తి వెలుగు రావాలి. ఈ రెండోది తప్పనిసరి. రాత్రి 3లో పెట్టి మరిచిపోతే పొద్దున ఎండలో తెర మీద ఏమీ కనపడదు, డిస్‌ప్లే పోయిందనుకుని షాపుకి తీసుకెళ్తారు. లైట్ సెన్సరే చూసుకుంటుందిలే అనుకోవద్దు. పౌచ్ అంచు దాని మీద పడిందంటే పట్టపగలు కూడా దానికి చీకటే.

మెట్టు మారినప్పుడు తెల్లటి డబ్బా ఎగిరొచ్చి కళ్లలో కొట్టకూడదు. అంచున సన్నటి గీత, అదీ అప్పుడున్న వెలుగులోనే, సెకనున్నర కనిపించి పోవాలి.

వెలుగు తగ్గించడానికి కొన్ని యాప్‌లు తెర మీద నల్లటి పొర పరుస్తాయి. దయచేసి ఆ దారి వద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఆ పొర 80 శాతం కంటే చిక్కనైతే కిందున్న వేరే యాప్‌కి టచ్ వెళ్లదు. బటన్ కనిపిస్తుంది, నొక్కితే పనిచేయదు. పైగా ఎల్‌సీడీ ఫోన్లలో వెనక లైటు అలాగే వెలుగుతుంటుంది, బ్యాటరీ మిగలదు. ఆండ్రాయిడ్‌లో యాప్ తన తెర వరకు వెలుగును కోడ్‌లో 0 (చీకటి) నుంచి 1 (పూర్తి వెలుగు) మధ్య మార్చుకోవడానికి ఏ పర్మిషనూ అక్కర్లేదు. -1 ఇస్తే ఫోన్ సెట్టింగే మళ్లీ అమల్లోకి వస్తుంది.

రైతులు ఈలోగా ఒక పని చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లు చాలావాటిలో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో తెర వెలుగును ఇంకా తగ్గించే ‘ఎక్స్‌ట్రా డిమ్’ ఉంటుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజులోకి వెళ్తే అలాంటిదే ‘రెడ్యూస్ వైట్ పాయింట్’. దాన్ని షార్ట్‌కట్‌గా పెట్టుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కడమే.

ఏరేటర్ ఆగిన హెచ్చరికను మాత్రం ఈ మెట్లతో ముడిపెట్టకండి. తెర 3లో ఉన్నా సైరన్, వైబ్రేషన్ పూర్తి జోరుతో రావాలి.

– చెరువుల పర్యవేక్షణ యాప్‌లు రూపొందించే బృందం, భీమవరం