క్రీడా విభాగం వార్షిక నివేదిక: హ్యాండీక్యాప్ బౌలింగ్ పోటీలు

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పంచాంగ శ్రవణం, ఆదివారం తెలుగు బడి, ఆగస్టు వనభోజనాలు ఈ ఏడాది అన్నీ అనుకున్న తేదీలకే జరిగాయి. వాటి వివరాలు ఆయా కార్యదర్శులు విడిగా రాస్తున్నారు. మా విభాగం తరఫున క్రికెట్, షటిల్ పోటీలు కూడా ఎప్పటిలాగే అయ్యాయి. ఈ నివేదికలో ఎక్కువ భాగం జూన్ మొదటి శని, ఆదివారాల్లో మొదటిసారిగా పెట్టిన బౌలింగ్ పోటీలకే కేటాయిస్తున్నాను. ఇది క్రికెట్ బౌలింగ్ కాదు, లేన్ అనే నున్నటి బాట మీద బరువైన బంతిని దొర్లించి చివరనున్న పది పిన్‌లను పడేసే ఆట. అందులో బాగా జరిగినదీ ఉంది, మా వల్ల జరిగిన పొరపాటూ ఉంది. రెండూ సభ్యులకు తెలియాలి.

ఏ పోటీ పెట్టినా ఆడేది అదే పాతిక ముప్ఫై మంది, మిగతావాళ్ళు పక్కన కూర్చుని టీ ఫ్లాస్కులు చూసుకుంటారు. కొన్నేళ్ళుగా ఇది నా మనసులో ఉంది. వేసవిలో ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల సంగతి మరీ కష్టం. పగలంతా ఇంట్లోనే ఉంటారు, శనివారం వస్తే మనం క్రికెట్‌కి వెళ్ళిపోతాం. వాళ్ళూ మనమూ కలిసి ఆడే ఆట ఏదని కమిటీలో రెండు సమావేశాలు మాట్లాడుకున్నాక బౌలింగ్ తేలింది. ఇక్కడ డెట్రాయిట్ శివార్లలో బౌలింగ్ హాళ్ళకు కొదవ లేదు. చలికాలమంతా లీగ్‌లతో నిండిపోయి, మే నెల దాటాక ఖాళీగా ఉంటాయి కాబట్టి అద్దె కూడా మనకు అందుబాటులోకి వచ్చింది. 16 లేన్లు తీసుకున్నాం. నలుగురేసి చొప్పున 16 జట్లు, మొత్తం 64 మంది. వీళ్ళలో సగానికి పైగా మన సంఘం ఆటల్లో ముందెప్పుడూ ఆడనివాళ్ళే.

హ్యాండీక్యాప్ అంటే తక్కువ స్కోరు వేసేవారు మిగతావారితో సమంగా పోటీ పడేలా కలిపే అదనపు పిన్‌లు, అంటే పాయింట్లు. దాని లెక్క చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 220 లోంచి ఒక గేమ్‌కి మీ సగటు స్కోరు తీసేయండి. మిగిలినదానిలో 90 శాతం మీ హ్యాండీక్యాప్. భిన్నాలు వదిలేస్తాం. సగటు 120 ఉన్నవారికి 90 పిన్‌లు, 190 ఉన్నవారికి 27 పిన్‌లు ప్రతి గేమ్‌కీ కలుస్తాయి. 220 ఎందుకంటే, ఆ అంకె ఆడేవాళ్ళందరి సగటుకన్నా పైన ఉండాలి. మనలో అందరికన్నా ఎక్కువ సగటు 204. నూటికి నూరు శాతం ఎందుకు ఇవ్వరని ఒకరు అడిగారు. ఏళ్ళ తరబడి సాధన చేసినవాడికి కాస్త మొగ్గు మిగలాలి కదా, ఆ పది శాతం అందుకే. దీన్ని కొందరు ‘గ్రేస్ మార్కులు’ అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. మీ సగటు ఎంతో అంతకన్నా బాగా ఆడితేనే మీరు గెలుస్తారు, ఎవరికైనా అంతే.

శనివారం జట్ల పోటీ, ఆదివారం సింగిల్స్. సింగిల్స్‌లో మొదటి బహుమతి పదో తరగతి చదివే అమ్మాయికి వచ్చింది. సగటు 142, హ్యాండీక్యాప్ 70. వేసినవి 158, 149, 176. హ్యాండీక్యాప్‌తో కలిపి 693. రెండో స్థానం వచ్చింది ఆ 204 సగటు ఆయనకే. ఆయన 211, 203, 229 వేసి, గేమ్‌కి 14 చొప్పున కలుపుకుని 685 దగ్గర ఆగారు. ప్రాక్టీసు రోజుల్లో ఆ అమ్మాయికి పిన్‌ల వైపు కాకుండా లేన్ మీది బాణం గుర్తుల వైపు చూసి వేయమని నేర్పింది కూడా ఆయనే. ఫలితం చదివినప్పుడు ముందు చప్పట్లు కొట్టిందీ ఆయనే.

కానీ ఆ రెండు రోజుల్లో నేను మరిచిపోలేనిది పదకొండో లేన్. ఏలూరు నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడ, చీర మీద అద్దె బౌలింగ్ బూట్లు వేసుకుని అక్కడ ఆడారు. ఎనిమిది పౌండ్ల బంతి పట్టుకుని, “మా రుబ్బురోలు పొత్రం ఇంతకన్నా బరువే” అన్నారు. వేళ్ళు రంధ్రాల్లో పెట్టమంటే వద్దన్నారు. గీత దగ్గర కొంచెం వంగి, రెండు చేతులతో నేల మీద నుంచే దొర్లించేవారు. అలా వేయడం నియమాలకు విరుద్ధమేమీ కాదు. మొదటి గేమ్‌లో మొదటి బంతికే, గీత దాటితే మోగే ఫౌల్ బజర్ మోగింది. కాలు దాటలేదు, చీర కుచ్చిళ్ళు గీత మీద సెన్సర్‌కి అడ్డు వచ్చాయని మాలో కొందరు వాదించబోయారు. ఆవిడే ఆపి, “మోగింది కదా, సున్నా వేసుకోండి” అన్నారు. కుచ్చిళ్ళు ఎగదోపుకుని మళ్ళీ నిలబడ్డారు.

మూడో గేమ్‌లో పదో ఫ్రేమ్, అంటే చివరి వంతు. మొదటి బంతికి ఏడు పడి, కుడి మూల మూడు మిగిలాయి. రెండో బంతి ఎంత మెల్లగా వెళ్ళిందంటే, ఆ అరవై అడుగులు దాటేలోపు పక్క లేన్లో ఆట ఆగిపోయి అందరూ ఇటే చూస్తున్నారు. లేన్ పక్కనుండే గట్టర్ (కాలువ) అంచుదాకా జరిగి, చివరి క్షణంలో మూడింటినీ ఒకదాని మీద ఒకటి పడేసింది. స్పేర్! రెండు బంతుల్లో పదీ పడ్డాయి కాబట్టి వచ్చిన అదనపు బంతికి ఆరు. గేమ్ మొత్తం 84. ఆవిడ సగటు 66 కాబట్టి 138 కలిపితే 222. పక్కనే ఆడుతున్న అల్లుడుగారు 184 సగటు మనిషి. ఆ గేమ్‌లో 181 వేశారు, 32 కలిపితే 213. “అల్లుడుగారూ, ఇవాళ కాఫీలు మీవే” అని ఆవిడ అంటే హాలంతా ఈలలు. ఆ అల్లుడుగారి ముఖంలో సంతోషం చూసి తీరాల్సిందే.

ఇక పొరపాటు సంగతి. ఎవరి సగటైనా కట్టడానికి మేము తీసుకున్నది మూడే మూడు ప్రాక్టీసు గేమ్‌లు. శనివారం గెలిచిన జట్టులో ఒక తమ్ముడికి ఆ లెక్కన 118 సగటు, 91 హ్యాండీక్యాప్ వచ్చాయి. పోటీలో ఆయన 171, 183, 165 వేశారు. సాయంత్రానికల్లా కావాలనే ముందు తక్కువ వేశాడన్న మాట పుట్టింది. బౌలింగ్‌లో దీన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు, ఇంతకన్నా చెడ్డ పేరు ఈ ఆటలో లేదు. నేను విచారించాను. ఆయన ప్రాక్టీసు రోజున జీవితంలో మొదటిసారి బౌలింగ్ బంతి పట్టుకున్నారు, అదీ తన వేళ్ళకు సరిపోని 14 పౌండ్లది. తర్వాత రెండు వారాలు రోజూ సాయంత్రం వెళ్ళి 12 పౌండ్ల బంతితో నేర్చుకున్నారు. ఇందులో ఆయన తప్పు లేదు. మూడు గేమ్‌లను సగటు అనుకోవడం మా తప్పు. ఆ రోజు వేసిన ప్రకారం సగటు 173 అనుకుంటే హ్యాండీక్యాప్ 42 మాత్రమే. మూడు గేమ్‌లకు కలిపి 147 పిన్‌లు తేడా. ఆ జట్టు గెలిచింది 112 పిన్‌ల ఆధిక్యంతో. అంటే రెండో స్థానం జట్టుకు అన్యాయం జరిగిన మాట నిజం. వారికి ఈ నివేదిక ద్వారా క్షమాపణ చెబుతున్నాను. ఆ తమ్ముడు కప్పు తెచ్చి మా బల్ల మీద పెట్టి వెళ్ళబోయారు. మేము తీసుకోలేదు. ఉన్న నిబంధనల ప్రకారం అది ఆయనదే.

స్కోర్లు సరిచూడటానికి హాలు లీగ్‌లలో చాలా ఏళ్ళుగా ఆడుతున్న ఒక పెద్దాయన వచ్చారు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన నల్లజాతి ఆయన. మధ్యాహ్నం పార్కింగ్‌లో, కారు డిక్కీ తెరిచి పులిహోర వడ్డిస్తుంటే (హాల్లోకి బయటి తిండి తేకూడదు) ఆయన చెప్పిన సంగతి మీతో పంచుకోవాలి. 1895లో పెట్టిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్‌లో చాలా ఏళ్ళపాటు తెల్లజాతి మగవాళ్ళకే సభ్యత్వం. అందుకే 1939లో ఇదే డెట్రాయిట్‌లో నల్లజాతి ఆటగాళ్ళు తమ సొంత సంస్థ పెట్టుకున్నారు. నేషనల్ బౌలింగ్ అసోసియేషన్ పేరుతో అది ఇప్పటికీ ఉంది. కార్ల కార్మికుల సంఘం యుఏడబ్ల్యు, జపనీస్ అమెరికన్లు కలిసి ఒత్తిడి తెస్తే 1950లో ఆ నిబంధన పోయింది. మనలో ఎంతోమంది ఆ కార్ల కంపెనీల్లోనే పని చేస్తున్నాం. మన 64 మందినీ తలుపు దగ్గర అడిగింది బూట్ల సైజు ఒక్కటే. ఆయన మాటలు విన్నాక పులిహోర గిన్నె దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో పెడతారు. అదే సమావేశంలో మేము మూడు మార్పులు ఓటుకు పెడుతున్నాం. సగటు కట్టడానికి కనీసం 12 గేమ్‌లు ఉండాలి. లీగ్‌లో 21 గేమ్‌ల సగటు ఉన్నవారు అదే ఇవ్వాలి, వేసవికి వచ్చే పెద్దవాళ్ళకు ఆరు గేమ్‌లు చాలు. శనివారం తన సగటుకన్నా 20 పిన్‌లు ఎక్కువగా ఆడినవారి హ్యాండీక్యాప్ ఆదివారానికి మళ్ళీ లెక్కగడతాం. మూడోది, సగటుల పట్టిక పోటీకి వారం ముందే అందరికీ పంపుతాం. అభ్యంతరాలు అప్పుడే చెప్పవచ్చు. ఇవి లేకుండా రెండోసారి పోటీ పెట్టడానికి నేను సిద్ధంగా లేను. పిల్లల కోసం, బంతి గట్టర్‌లో పడకుండా ఆపే బంపర్లు, బంతిని దొర్లించే ర్యాంపులు ఉన్న రెండు లేన్లు ఈసారి విడిగా తీసుకుంటాం. ప్రాక్టీసు జనవరి నుంచి ప్రతి గురువారం సాయంత్రం ఉంటుంది.

ఏలూరు పెద్దావిడ వచ్చే మే నెలలో మళ్ళీ వస్తున్నారట. ప్రాక్టీసు గేమ్‌లు మూడు, పోటీలోవి మూడు కలిపి ఆవిడ సగటు 71గా రిజిస్టరులో రాశాం. హ్యాండీక్యాప్ 138 నుంచి 134కి దిగింది. ఫోన్‌లో చెబితే “అదేంటి, తగ్గించేశారా?” అని అడిగారు. లెక్క మొత్తం విని, “సరే, న్యాయంగానే ఉంది. అలాగే ఉంచండి” అన్నారు.

ఇట్లు,
క్రీడా కార్యదర్శి