కట్టిన ప్రతిసారీ ఇంకో అప్పుకు పిలుపు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను కడపలో ఆర్టీసీ కండక్టర్‌ని. ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక రిటైర్డు మాస్టారు రాసిన లేఖ చదివాను. ఈ కాలం వాళ్లకు పొదుపు తెలియదు, జీతం పడిన వారానికే ఖాళీ చేసుకుని అప్పుల వెంట పడతారు అని ఆయన బాధ. ఆ మాటను నేను కాదనను. అయితే ఆయన కాలంలో అప్పు పుట్టడం ఎంత కష్టమో ఆయన రాయలేదు. ఆ సంగతి నేను రాస్తాను.

మా నాయన మైదుకూరు పక్క పల్లెలో పసుపు పండించేవాడు. అప్పు కావాలంటే ప్రామిసరీ నోటు తేవాలి, రెవెన్యూ స్టాంపు అంటించాలి, ఇద్దరు సాక్షులను బతిమాలుకోవాలి. సాక్షి సంతకానికి వచ్చిన మనిషి ఊరికే సంతకం పెట్టి పోడు. "ఇప్పుడెందుకబ్బా అప్పు?" అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పలేక వెనక్కి వచ్చేసిన రోజులు మా నాయనకు ఉన్నాయి. ఆయన ఇంద్రియ నిగ్రహం గొప్పదని నేను అనుకోను. ఆ ప్రశ్న అడిగే మనిషి ఎదురుగా ఉన్నాడు, అంతే. నా ఫోను నన్ను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ వాళ్లం ప్రభుత్వోద్యోగులం అయ్యాం. అయిన కొన్నాళ్లకే డిపో గేటు దగ్గర గొడుగు వేసుకుని క్రెడిట్ కార్డులిచ్చే కుర్రాళ్లు కూర్చున్నారు. జీతం స్లిప్పు, ఆధార్ చూపిస్తే చాలన్నారు. తీసుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి.

నాకున్న అప్పుల్లో రెండు అవసరానికి చేసినవి. పాప ఇంటర్ ఫీజుకు మా ఉద్యోగుల పరపతి సొసైటీలో తీసుకున్న లోను జీతంలోనే కట్ అయిపోతుంది. చేతికి రాని డబ్బు ఎట్లా ఖర్చు పెడతాం, కాబట్టి దానితో టెన్షన్ లేదు. నాయన ఆపరేషన్‌కు తీసుకున్న పర్సనల్ లోను ఈఎంఐ ఐదో తారీఖున పోతుంది. ఈ రెండింటికీ ఒక చివర ఉంది. చివర కనిపించనిది కార్డు బాకీ. అందులో ఆస్పత్రి బిల్లు లేదు, ఫీజు లేదు. తల మసాజ్ చేసే మెషీన్ ఉంది. తాడు లాగితే కూరగాయలు తరిగే డబ్బా ఉంది. డ్రైవరన్న దగ్గర చూసి కొన్న టార్చిలైటు, నడిస్తే మెరిసే పిల్లోడి బూట్లు, బూట్లతో పాటు ఎందుకు వచ్చాయో గుర్తులేని రెండు టోపీలు. ఒక్కటీ వెయ్యి రూపాయలు దాటలేదు. వెయ్యి దాటితే మా ఇంటామెను అడిగేవాణ్ణి.

నైట్ హాల్ట్ అంటే తెలియని వాళ్లకు చెబుతాను. చివరి ట్రిప్పు ఏదో పల్లెలో ఆగుతుంది. డ్రైవరూ నేనూ అక్కడే పడుకుని తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీస్తాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొమ్మిదికల్లా అంగడి తలుపు పడితే జేబులో డబ్బున్నా బిస్కెట్ ప్యాకెట్ కూడా దొరికేది కాదు. ఇప్పుడు అదే పల్లెలో, అదే బస్సు సీటు మీద కాళ్లు ముడుచుకుని పడుకుని, రాత్రి పదకొండింటికి ప్రపంచంలో ఏదైనా కొనొచ్చు. నడుము నొప్పికి నిద్ర పట్టదు. ఫోను తీస్తే "ఇంకా 2 మాత్రమే మిగిలాయి" అని ఎర్రటి అక్షరాలు, పక్కన నిమిషాలు తగ్గిపోతున్న గడియారం. ఆ వేళ వస్తువు కొంటున్నట్టే ఉండదు. పొద్దున్నుంచి నిలబడి చిల్లర కోసం తిట్లు తిన్నందుకు ఎవరో బహుమానం ఇస్తున్నట్టు ఉంటుంది.

ఒకసారి కార్డు స్టేట్‌మెంటూ నా డ్యూటీల లెక్కా పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒంటిమిట్ట కల్యాణానికి స్పెషల్ బస్సుల డ్యూటీలు చేసిన వారంలో అన్నిటికంటే ఎక్కువ కొన్నాను. డబ్బు ఎక్కువ వచ్చి కాదు, అలుపు ఎక్కువై. మాస్టారు రాసిన క్రమశిక్షణ పగలు పదింటికి నా దగ్గరా బాగానే ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఎవరి దగ్గర ఎంత ఉంటుందో ఆయనా ఒకసారి చూసుకోవాలి.

నకిలీ తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో వేయడం లాంటి, ఫోనులో అమ్మేవాళ్ల పదమూడు రకాల ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో పేర్లు పెట్టి మరీ నిషేధించింది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మంచిదే. కానీ "2 మాత్రమే మిగిలాయి" అన్నది నిజమో అబద్ధమో బస్సు సీటు మీద పడుకున్న నాకు తెలిసేదెట్లా?

అసలు నా బాధ వేరే ఉంది. మా ఉద్యోగంలో డ్యూటీ ఎక్కే ముందు జేబులో సొంత డబ్బు ఎంత ఉందో రాసివ్వాలి. దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కితే టికెట్ల డబ్బు ఎంత, సొంతం ఎంత అని లెక్క చూస్తారు. నేను 200 అని రాస్తే 200 ఉండాలి. కొత్తలో నన్ను దొంగలాగా చూస్తున్నారని కోపం వచ్చేది. ఇప్పుడు ఆ పద్ధతి విలువ తెలుస్తోంది. క్యాష్ బ్యాగులో వేలు ఉన్నా అందులో టీకి పది రూపాయలు తీయాలని కూడా నాకు తోచదు, ఎందుకంటే అది నాది కాదు. అదే పరాయి డబ్బును బ్యాంకు వాళ్లు ఫోనులో "మీ లిమిట్" అని చూపిస్తే నాదే అనిపిస్తుంది. బ్యాగులో డబ్బుకు ఒక లెక్క, ఫోనులో డబ్బుకు ఒక లెక్క ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

జీతం పడగానే కార్డుకు 6,000 కడతాను అనుకోండి. నిమిషంలో మెసేజ్ వస్తుంది. థాంక్స్ చెప్పి, మీకు వాడుకోవడానికి ఇప్పుడు ఇంత లిమిట్ ఉంది అంటుంది. ఇంకా బాకీ ఎంత ఉందో అందులో ఉండదు. మా ఇంటామె గాజులు ప్రొద్దుటూరులో కుదువ పెట్టి విడిపించిన రోజు నాకు గుర్తుంది. డబ్బు కట్టాం, గాజులు ఇంటికొచ్చాయి, ఆమె చేతికి వేసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం. కార్డుకు డబ్బు కడితే ఇంటికొచ్చేది ఇంకో అప్పుకు పిలుపు. నెల మొదట్లో కడుపు కట్టుకుని కట్టిన డబ్బే పదో తారీఖుకల్లా మళ్లీ ఖర్చుకు సిద్ధంగా కనిపిస్తుంది.

దీనికి తోడు ఫోన్లు. "మీ పేమెంట్ రికార్డు చాలా బాగుంది సార్, లిమిట్ లక్ష చేస్తున్నాం, యస్ అంటే చాలు" అంటుంది ఒకమ్మాయి. మన స్పష్టమైన అంగీకారం లేకుండా లిమిట్ పెంచకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, అందుకే ఆ యస్. సరే, పెంచడానికి ఒక్క యస్ చాలు కదా, తగ్గించడానికి కూడా అంతే అనుకుని నేనే ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి, లైన్‌లో ఉండండి. చివరికి దొరికిన అబ్బాయి "తగ్గించుకోవడం ఎందుకు సార్, ఎమర్జెన్సీకి పనికొస్తుంది" అని నాకే నచ్చజెప్పాడు. సాక్షి అడిగే ప్రశ్న ఇన్నేళ్లకు మళ్లీ వినిపించింది, కాకపోతే తిరగబడి. అప్పు వద్దంటే ఎందుకు అని అడుగుతున్నారు.

నాలాగా తెలియని వాళ్ల కోసం ఒక సంగతి. 2022 జులై నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, బాకీ ఏమీ లేనప్పుడు కార్డు మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 చొప్పున మనకే ఇవ్వాలి. నాకు ఆ రోజు ఇంకా రాలేదు. వచ్చిన రోజున లెక్క పెట్టుకుంటాను.

వడ్డీ సంగతి మన ఊరి భాషలో చెప్పుకుందాం. నా కార్డు మీద నెలకు 3.5 శాతం. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మా పల్లెలో రెండు రూపాయల వడ్డీ అంటేనే నోరు తెరిచేవాళ్లు. మూడున్నరకు ఇచ్చేవాడి ఇంటి ముందు నుంచి పోవడానికే మా నాయన ఇష్టపడేవాడు కాదు. 40,000 బాకీ ఉంటే నెల వడ్డీ 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 252. మొత్తం 1,652. "కనీసం 2,000 కట్టండి చాలు" అన్నారని అంతే కడితే అసలులో తగ్గేది 348 రూపాయలు. పైగా బాకీ పూర్తిగా తీర్చకుండా కొత్తది కొంటే దానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. 499 రూపాయల కూరగాయల డబ్బా నాకు ఎంతకు పడిందో లెక్క కట్టి ఇంట్లో చెప్పలేదు.

నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు అనే మాట కూడా అంతే. వడ్డీ ఎంతో అంత ధరలో తగ్గించినట్టు చూపి, తర్వాత అదే వడ్డీగా వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ మనదే, ప్రాసెసింగ్ ఫీజు మనదే. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది. పేరు మారింది, ప్రకటనలు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, డ్యూటీ పద్ధతే ఇంటికి తెచ్చుకున్నాను. జీతం పడే ఖాతాను ఫోనుకు కలపలేదు. ఇంకో చిన్న ఖాతా తెరిచి, నా సొంత ఖర్చుకు ఇంత అని ప్రతి పదిహేను రోజులకు అందులో వేయించుకుంటాను. ఫోనుకు తెలిసింది ఆ ఖాతా ఒక్కటే. కార్డు నంబరు అన్ని యాప్‌లలోంచి తీసేశాను. కార్డు మా ఇంటామె బీరువాలో ఉంది. కొనాలంటే పదహారు అంకెలు కావాలి, రాత్రి పదకొండింటికి ఆమెను నిద్రలేపి అంకెలు చదవమనే ధైర్యం నాకు లేదు. పూర్తిగా మారిపోయానని చెప్పను. పోయిన నెల చిన్న ఖాతా డబ్బుతోనే ఒక ఫ్లాస్కు వచ్చింది. "ఈసారి ఏమొచ్చింది?" అని అడిగింది ఆమె, పార్సిల్ విప్పకుండానే. ఫ్లాస్కు మాత్రం బాగుంది, తెల్లవారుజాము ట్రిప్పుకు టీ వేడిగా ఉంటోంది.

కార్డు బాకీ తగ్గుతోంది, నిదానంగా.

బ్యాంకుల వారికి మీ పత్రిక ద్వారా ఒక మనవి. డబ్బు కట్టిన వెంటనే వచ్చే మెసేజ్‌లో ముందు మిగిలిన బాకీ ఎంతో చెప్పండి, తెలుగులో చెప్పండి. లిమిట్ సంగతి అడిగిన వాడికి చెబితే సరిపోతుంది. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో చూపే పత్రాన్ని అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ లోన్లకు అది తప్పనిసరి. క్రెడిట్ కార్డు బాకీలను మాత్రం అందులోంచి మినహాయించారు. మా డిపోలో ఎక్కువ మందికి గుచ్చుకుంటున్నది ఆ మినహాయించినదే.

మీకు కూడా ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. 2025 దసరాకు పెద్ద టీవీలు, ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందని మీ మొదటి పేజీ నిండా ప్రకటనలు. తగ్గిన మాట నిజమే. మా ఇంట్లో ఏసీ అవసరం లేని మాట కూడా నిజమే, అయినా ఆ పేజీ చూసి రెండు రోజులు ఏసీ గురించే మాట్లాడుకున్నాం. ప్రకటనలు లేకపోతే పత్రిక నడవదని నాకు తెలుసు. వేయండి. "సులభ వాయిదాలు" అని ఉన్న ప్రతి ప్రకటన కింద, నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీ పడుతుందో ఒక్క వరుస, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయమని ఆ కంపెనీల వాళ్లను అడగండి. వాళ్లు ఒప్పుకోకపోతే, అదే రోజు లోపలి పేజీలో మీరే వేయండి. ఆ పేజీ నేను డిపో నోటీసు బోర్డు పక్కన అంటిస్తాను, మేనేజర్ గారిని అడిగే అంటిస్తాను.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టర్,
శంకరాపురం, కడప.
(దయచేసి పేరు ప్రచురించవద్దు. తోటి వాళ్లు ఫ్లాస్కు గురించి అడుగుతారు.)